రోజుకు రెండు రాడ్లు: ఐటీఐలకు న్యాయంగా నిధులు ఇవ్వడం అంటే ఏమిటి?

అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడు ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేస్తున్నాడు. ప్రాక్టికల్‌కి రోజుకు రెండు రాడ్లకు మించి ఇవ్వడం లేదంటాడు. పేపర్లో చూస్తే ఐటీఐలకు వేల కోట్లు అని రాస్తున్నారు. ఇంగ్లండ్‌లో ఉండే మా బావగారేమో అక్కడ కాలేజీలకు విద్యార్థికి ఇంత అని ప్రభుత్వం ఇస్తుందనీ, ఇక్కడ కూడా అందరికీ సమానంగా అలా ఇచ్చేస్తే గొడవే ఉండదనీ అంటున్నారు. అసలు న్యాయమైన నిధులు అంటే ఏమిటి?"

అమ్మా, నేను 31 ఏళ్లు ఐటీఐల్లో పనిచేశాను. ఏటీవోగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, అంటే వర్క్‌షాప్‌లో నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా) చేరి, డీటీవో (డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్), ట్రైనింగ్ ఆఫీసర్ అయి, ప్రిన్సిపాల్‌గా రిటైర్ అయ్యాను. మీ తమ్ముడు చెప్పింది నిజమే అయ్యుంటుంది. పేపర్లో రాసిందీ నిజమే. ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. అందుకని ముందు ఆ రెండు రాడ్ల సంగతే చెప్తాను.

వెల్డింగ్ నేర్చుకునే పిల్లలకు మామూలుగా ఇచ్చేది 3.15 మిల్లీమీటర్ల రాడ్. అది ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నరలో కాలిపోతుంది. రోజుకు రెండు రాడ్లంటే మీ తమ్ముడి చేతిలో ఆర్క్ (ఇనుమును కరిగించే కరెంటు మెరుపు) వెలిగేది మూడు నిమిషాలకు మించదు. మిగతా రోజంతా ప్లేట్లు రుద్దడం, వెల్డ్ మీద పేరుకున్న స్లాగ్ పెంకు కొట్టడం, పక్కవాడు చేస్తుంటే నల్లద్దంలోంచి చూడడం. వెల్డింగ్ చూస్తే రాదు. రాడ్‌కీ ప్లేటుకీ మధ్య ఎంత సందు ఉండాలో చేతికి తెలియాలి, ఆర్క్ సరిగ్గా పడిందో లేదో చెవికి తెలియాలి. సరిగ్గా పడితే మూకుట్లో వడలు వేగుతున్నట్టు ఒకే తీరుగా చప్పుడొస్తుంది. సందు పెరిగితే చిటపటలాడి చిమ్ముతుంది, తగ్గితే రాడ్ అతుక్కుపోతుంది. మొదటి నెలలో పిల్లలందరికీ అతుక్కుపోతుంది. అలా అతుక్కున్న ప్రతిసారీ ఊడదీసి మళ్లీ కొడితేనే చెయ్యి తిరుగుతుంది. రోజుకు రెండు రాడ్లు ఇచ్చి కుర్రాణ్ణి వెల్డర్ కమ్మనడం, నెలకోసారి చెరువు దగ్గరికి తీసుకెళ్లి ఈత రాలేదని అడగడం లాంటిది.

మా వర్క్‌షాప్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. అందరూ వాడి పారేసిన రాడ్ ముక్కలు, రెండేసి అంగుళాలవి, డబ్బాలో ఏరి పెట్టుకునేవాడు. సాయంత్రం అందరూ వెళ్లాక ఒకదానికొకటి టాక్ పెట్టి (చిన్న చుక్కతో అతికించి) పొడుగు చేసుకుని బీడ్ (వెల్డ్ గీత) వేసేవాడు. అలా అతికించిన రాడ్‌తో బీడ్ సరిగ్గా రాదు, ఫ్లక్స్, అంటే రాడ్ మీది పూత, మధ్యలో తెగిపోతుంది. అది తప్పని చెప్పాల్సింది నేనే. చెప్పలేకపోయాను. ఆ పూట స్టోర్‌లో ఇవ్వడానికి రాడ్లు లేవు.

ఇక వేల కోట్ల సంగతి. అవీ అబద్ధం కాదు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. మొత్తం రూ.2,324 కోట్లు. అంటే సగటున ఒక్కో ఐటీఐకి 35 కోట్లకు పైనే. కేంద్రం 2025 మేలో ఇంకా పెద్ద పథకం ఆమోదించింది. వెయ్యి ప్రభుత్వ ఐటీఐలకు రూ.60 వేల కోట్లు, అందులో కేంద్రం వాటా 30 వేల కోట్లు, రాష్ట్రాలది 20 వేల కోట్లు, పరిశ్రమలది 10 వేల కోట్లు. అక్టోబరులో పీఎం సేతు పేరుతో ప్రారంభించారు. హైదరాబాద్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ (ఎన్‌ఎస్‌టీఐ) కూడా జాతీయ స్థాయి కేంద్రాల జాబితాలో ఉంది. మాకు జీవితమంతా దక్కని డబ్బు ఇది. నాకు నిజంగా సంతోషం. రోబో చెయ్యి, సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్‌తో నడిచేది) మా రోజుల్లో ఫోటోలో చూపించి పాఠం చెప్పేవాళ్లం.

కానీ ఈ డబ్బులో ఎక్కువ భాగం ఒక్కసారి వచ్చే డబ్బు. భవనం, మిషన్లు, ల్యాబ్. రాడ్లు, కరెంటు బిల్లు, హాక్సా బ్లేడ్లు, లేత్‌కి కటింగ్ టూల్స్, పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌కి వైండింగ్, అన్నిటికంటే ముఖ్యంగా నేర్పే మనిషి జీతం, ఇవన్నీ ప్రతి నెలా కావాల్సిన డబ్బు. మన దగ్గర మొదటిదానికి శిలాఫలకం ఉంటుంది, పేపర్లో వార్త వస్తుంది. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. సీఎన్‌సీ మిషన్ పెట్టిన మూడేళ్లకు దాని సర్వీస్ కాంట్రాక్ట్ ఎవరు కట్టాలో ముందే రాసుకోకపోతే, ప్లాస్టిక్ కవర్ కప్పిన మిషన్ పక్కన నిలబడి పాఠం చెప్పే రోజు మళ్లీ వస్తుంది. అలాంటి కవర్లు నేను చాలా చూశాను.

ఆ నెలనెలా రావాల్సిన డబ్బు వచ్చే తీరు కూడా చూడండి. బడ్జెట్‌లో రా మెటీరియల్ హెడ్ (ముడిసరుకు పద్దు) కింద అంకె ఉంటుంది. బీఆర్వో (బడ్జెట్ విడుదల ఉత్తర్వు) వస్తేనే దాన్ని ముట్టుకోవాలి. క్వార్టర్‌కి ఒకసారి రావాలి. నా సర్వీసులో చాలా ఏళ్లు మార్చి చివరి వారంలో వచ్చింది. 31లోగా ఖర్చు చేయకపోతే నిధులు మురిగిపోతాయి. కొటేషన్లు తెప్పించి, బిల్లు పెడితే ట్రెజరీలో టోకెన్ నంబర్ వస్తుంది, డబ్బు రాదు. షాపువాడు రెండోసారి అప్పు ఇవ్వడు. ఒకవేళ అన్నీ కుదిరి రాడ్లు కొన్నా, మార్చిలో కొన్న రాడ్లు కొత్త బ్యాచ్ చేతికి వచ్చేసరికి వానలు పడుతుంటాయి. ఫ్లక్స్ చెమ్మ పీలుస్తుంది. చెమ్మ పట్టిన రాడ్‌తో ఆర్క్ నిలవదు, వెల్డ్‌లో గాలి బుడగలు పడతాయి. కుర్రాడు తనకే చేతకావడం లేదనుకుంటాడు. సెప్టెంబరులో 50 వేలు ఇవ్వడానికీ మార్చిలో లక్ష ఇవ్వడానికీ మధ్య ఏది కావాలంటే నేను కళ్లు మూసుకుని సెప్టెంబరు 50 వేలే తీసుకునేవాణ్ణి. నిధుల న్యాయంలో మొత్తం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యం. ఈ మాట సెక్రటేరియట్ మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇప్పుడు మీ బావగారి మాటకు వస్తాను. తలకి సమానంగా ఇవ్వడం వినడానికి బాగుంటుంది. కానీ కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ట్రేడ్‌లో ఒక కంప్యూటర్ కొంటే అయిదేళ్లు నడుస్తుంది. వెల్డర్ ట్రేడ్‌లో కొన్నది కొన్నట్టే కాలి బూడిదవుతుంది. మెషినిస్ట్ ట్రేడ్‌లో కుర్రాడు పాడుచేసిన ఇనప ముక్క ఖరీదే అతని చదువు ఖరీదు. అందరికీ ఒకే రేటు ఇస్తే నిర్వాహకులు ఏం చేస్తారు? ఖర్చు తక్కువ ట్రేడ్లు పెంచుకుంటారు, వెల్డర్, టర్నర్, మెషినిస్ట్ సీట్లు తగ్గించుకుంటారు. దేశంలో సుమారు 15 వేల ఐటీఐలు ఉంటే వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువే. కాబట్టి ఇది ఊహ కాదు, లెక్క ప్రకారం జరిగే పని.

ఇంగ్లండ్‌లో ఇస్తున్నది కూడా పూర్తిగా తలసరి కాదు. అక్కడి ఫార్ములాలో జాతీయ రేటు ఒకటి ఉంటుంది, దాని మీద కోర్సు ఖర్చును బట్టి వెయిటేజీ వేస్తారు. క్లాసు రూములో చెప్పే కోర్సుకు తక్కువ, ఇంజనీరింగ్, నిర్మాణం లాంటి వాటికి ఎక్కువ. ఆ పద్ధతి మంచిది, మనం నేర్చుకోవాల్సిందే. అయితే మీ బావగారు చెప్పని సంగతి ఇంకొకటుంది. అక్కడి ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలు (బడి తర్వాత వృత్తి విద్య నేర్పేవి) 1993 ఏప్రిల్ 1న స్థానిక కౌన్సిళ్ల చేతుల్లోంచి బయటికొచ్చి సొంతంగా నిలబడ్డాయి. ఆ తర్వాత 16, 17 ఏళ్ల విద్యార్థికి ఇచ్చే రేటును 2013 నుంచి ఏడు విద్యా సంవత్సరాలు 4,000 పౌండ్ల దగ్గరే బిగించేశారు. ధరలు పెరుగుతుంటే రేటు కదలకపోవడం అంటే ఏటా కోత పెట్టడమే, పైకి కనిపించదంతే. 18 ఏళ్లు నిండినవాళ్లకైతే ఆ రేటును 3,300కి తగ్గించారు. ఇంకో వింత, బడులు తాము కట్టిన వ్యాట్ వెనక్కి తీసుకోవచ్చు, ఈ కాలేజీలు తీసుకోలేవు. ఒకే ఈడు పిల్లలు, ఒకే రకం కుర్చీ. బడి కొంటే పన్ను తిరిగొస్తుంది, కాలేజీ కొంటే రాదు. చేతిపని నేర్చుకునే పిల్లల దగ్గరికి వచ్చేసరికి రూపాయి అయినా పౌండ్ అయినా చిన్నదైపోతుంది. అది మన ఒక్క దేశపు జబ్బు కాదు.

మన దగ్గర ఈ జబ్బుకు నాకు బాగా గుచ్చుకున్న ఉదాహరణ ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న వసతి దీవెనలో విద్యార్థి భోజనం, వసతి ఖర్చులకు ఏడాదికి ఐటీఐ వాళ్లకు రూ.10 వేలు, పాలిటెక్నిక్ వాళ్లకు 15 వేలు, డిగ్రీ, ఆపైన చదివేవాళ్లకు 20 వేలు అని పెట్టారు. అది ఫీజు కాదు, తిండికీ గదికీ ఇచ్చే డబ్బు. పథకం వచ్చినందుకు చాలా కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి, నేను కాదనను. కానీ ఐటీఐ కుర్రాడికి ఆకలి సగమే వేస్తుందా? ఫిట్టర్ కుర్రాడు పొద్దున్నుంచి వైస్ (ఇనుమును బిగించే పట్టు) దగ్గర నిలబడి ఫైల్ (ఆకురాయి) పట్టి ఇనుము రాకి రాకి సాయంత్రానికి భుజాలు పట్టేసి వస్తాడు. నిజానికి అతనికే ఒక ముద్ద ఎక్కువ పెట్టాలి. ఇదేదో ఒక పార్టీని అనడం కాదు. ఎవరొచ్చినా జీవోలో ఈ వరస మారదు. పై చదువుకు పెద్ద అంకె, చేతిపనికి చిన్న అంకె. రాసేవాళ్లకు అందులో తప్పు కనిపించదు, అంత అలవాటైపోయింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన ఈ పథకం వల్ల లక్షల మంది పేదపిల్లలు కాలేజీ గడప తొక్కారు. అది విద్యార్థి వెంట నడిచే డబ్బు. సీటు నిండితేనే వస్తుంది. వర్క్‌షాప్ కరెంటు బిల్లు మాత్రం సీట్లు నిండినా నిండకపోయినా వస్తుంది. పైగా బకాయిలు పేరుకుపోతే నలిగేది పిల్లలే. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూసుకున్న సంగతి మీకు తెలుసు. పిల్లల తలల లెక్క మీదే మొత్తం సంస్థను నడపాలనుకోవడం పొరపాటు. కొంత డబ్బు సంస్థ నిలబడడానికి, కొంత డబ్బు పిల్లల సంఖ్యను బట్టి ఇవ్వాలి.

కోర్సు ఖర్చును బట్టి రేటు పెట్టడం మన ప్రభుత్వానికి తెలియని విద్య కూడా కాదు. స్వల్పకాలిక నైపుణ్య శిక్షణలకు కేంద్రం 2015లో కామన్ నార్మ్స్ తెచ్చినప్పుడు కోర్సులను మూడు వర్గాలు చేసి, విద్యార్థికి గంటకు రూ.38.50, రూ.33, రూ.27.50 అని వేర్వేరు రేట్లు పెట్టింది. మిషన్లు ఎక్కువ కావాల్సిన కోర్సులకు పెద్ద రేటు. మూడు నెలల కోర్సుకు అంత వివరంగా లెక్క కట్టగలిగినవాళ్లు ఏడాది, రెండేళ్ల ఐటీఐ ట్రేడ్లకు, రాష్ట్రాలతో కూర్చుని, ట్రేడ్ వారీగా నెల ఖర్చు లెక్క కట్టలేరా? కట్టి, ధరలు పెరిగినప్పుడల్లా ఆ లెక్కనూ పెంచుతూ పోవాలి. న్యాయమైన నిధులు అంటే ఏంటని అడిగారు కదా, నా జవాబు ఇదే. పుస్తకంలో రాసిన ప్రాక్టికల్ మొత్తం ప్రతి విద్యార్థీ తన చేత్తో చేయడానికి ఆ ట్రేడ్‌లో ఎంత ఖర్చవుతుందో, అంత, సమయానికి, ఏటా ఇవ్వాలి. వెల్డర్‌కి ఎక్కువ రావచ్చు, కోపాకి తక్కువ రావచ్చు. అందులో అన్యాయం లేదు.

ఫలితాలను బట్టి డబ్బు ఇవ్వాలని ఈ మధ్య గట్టిగా అంటున్నారు. ఉద్యోగాలు ఇప్పిస్తేనే పూర్తి డబ్బు అని. ఆ కామన్ నార్మ్స్‌లో కూడా 20 శాతం డబ్బు ఉద్యోగాలకు ముడిపెట్టారు. కొంతవరకు ఒప్పుకుంటాను. లేకపోతే పేరుకు బ్యాచ్‌లు నడిపి సర్టిఫికెట్లు పంచేవాళ్లను ఆపలేం. కానీ హైదరాబాద్ బాలానగర్ చుట్టుపక్కల ఐటీఐ పిల్లవాడికి సైకిల్ దూరంలో ఫ్యాక్టరీలు ఉంటాయి. పాడేరులోనో ఉట్నూరులోనో చదివిన పిల్లవాడు ఉద్యోగం కావాలంటే ఊరు వదలాలి, అడ్వాన్స్ కట్టి గది తీసుకోవాలి, మొదటి జీతం వచ్చేదాకా ఇంటి నుంచే డబ్బు తెచ్చుకోవాలి. ఈ ఇద్దరినీ ఒకే కొలతతో కొలిస్తే నిధులు ఇప్పటికే బాగున్న చోటికే పోతాయి. ఏజెన్సీ ప్రాంతాలకు, పరిశ్రమలు లేని చోట్లకు తలసరి మీద అదనం ఇవ్వాల్సిందే. వాళ్ల ఫలితాలను వాళ్ల నిరుటి ఫలితాలతో పోల్చాలి, బాలానగర్‌తో కాదు.

నేర్పేవాళ్ల సంగతి ఒక్క పేరాలో చెప్పలేను కానీ చెప్పకుండా ఉండలేను. ఒక యూనిట్‌కి 20 మంది. ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఏటీవో రిటైరైతే పోస్టు ఖాళీ. పక్క యూనిట్ ఏటీవోకి ఇంచార్జ్ ఇస్తారు. ఒక మనిషి 40 మందిని చూడాలి. గ్రైండింగ్ వీల్ దగ్గర ఒకడు, డ్రిల్లింగ్ మిషన్ దగ్గర ఒకడు ఉంటే ఆ టెన్షన్ ఎలాంటిదో పడినవాళ్లకే తెలుసు. నేను ఆ పరిస్థితిలో మిషన్లు ఆపేసి థియరీ చెప్పిన రోజులున్నాయి. ప్రమాదం కంటే అదే నయమని. కాంట్రాక్టు, గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్లను పెడతారు, వాళ్లు మంచివాళ్లే, పని తెలిసినవాళ్లే. కానీ నెలల తరబడి జీతం రాకపోతే మంచి వెల్డర్ బయట ఫ్యాబ్రికేషన్ షాపుకే పోతాడు. అక్కడ వారం వారం చేతికి డబ్బు వస్తుంది.

పరిశ్రమల వాటా సంగతి. 2007లో మొదలుపెట్టిన పథకం కింద కేంద్రం వెయ్యికి పైగా ప్రభుత్వ ఐటీఐలకు ఒక్కోదానికి రూ.2.5 కోట్ల వడ్డీ లేని రుణం ఇచ్చింది. పరిశ్రమ ప్రతినిధి చైర్మన్‌గా ఐఎంసీ (ఇన్‌స్టిట్యూట్ మేనేజ్‌మెంట్ కమిటీ) అనే కమిటీ దాన్ని ఖర్చు పెట్టాలి. ఆలోచన మంచిది. నేను చూసిన ఒక చోట ఆ కమిటీ చైర్మన్ ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు. రుణం తీర్చాలన్న భయంతో పెద్ద మొత్తం బ్యాంకు డిపాజిట్‌లోనే ఉంచారు. డిపాజిట్ పెరిగింది, వర్క్‌షాప్ పాతబడింది. కమిటీలో ఎవరూ దొంగలు కారు. నిర్ణయం తీసుకునే ధైర్యం, తీరిక ఎవరికీ లేవు, అంతే. కొత్త పథకంలో 10 వేల కోట్లు పరిశ్రమలు తెస్తాయంటున్నారు. తెచ్చేవాళ్లు నెలకోసారి వర్క్‌షాప్‌లోకి వచ్చి రాడ్ డబ్బా మూత తీసి చూసేవాళ్లయితే బాగుంటుంది.

బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థల నుంచి, దాటిన మొత్తం మీద 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ (అప్రెంటిస్ శిక్షణ కోసం పన్ను లాంటిది) వసూలు చేస్తున్నారు. డబ్బు గట్టిగానే వచ్చింది. కానీ కంపెనీలు అందులో చాలా భాగం అప్పటికే ఉద్యోగంలో ఉన్న తమ సొంత మనుషుల పై స్థాయి కోర్సులకు వాడుకున్నాయి, బడి వదిలి వచ్చిన పిల్లలకు దక్కింది తగ్గింది. లెవీ పెట్టినా ఎవరి మీద ఖర్చు పెట్టాలో చట్టంలోనే రాయాలన్న పాఠం అక్కడ ఉంది. మన దగ్గర లెవీ లేదు, 1961 అప్రెంటిసెస్ చట్టం ఉంది. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్‌లో పాతిక శాతం, నెలకు రూ.1,500 దాకా కేంద్రం ఇస్తుంది. ఇది సరిగ్గా అమలైతే పరిశ్రమ వర్క్‌షాపే మన పిల్లలకు రెండో వర్క్‌షాప్ అవుతుంది. మీ తమ్ముడికి కోర్సు అయ్యాక ఇదే దారి చెప్పండి. సర్టిఫికెట్ పట్టుకుని వెంటనే చిన్న జీతానికి చేరిపోవడం కంటే ఒక ఏడాది మంచి సంస్థలో అప్రెంటిస్ చేస్తే, ఇక్కడ దొరకని రాడ్లు అక్కడ దొరుకుతాయి.

ఇక మీరు చేయగలిగింది. ప్రిన్సిపాల్ మీద కోప్పడితే లాభం లేదు, ఆయన జేబులోంచి కూడా కొంత పెడుతూ ఉండవచ్చు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో రా మెటీరియల్ హెడ్ కింద ఎంత కేటాయించారు, ఎంత విడుదలైంది, ఏ తేదీన విడుదలైంది, ఎంత ఖర్చయింది అని అడగండి. తేదీ తప్పకుండా అడగండి. వెల్డర్ ట్రేడ్‌లో శాంక్షన్ అయిన పోస్టులు ఎన్ని, రెగ్యులర్‌గా ఉన్నవాళ్లు ఎందరు అని అడగండి. ఐఎంసీ ఖాతాలో ఎంత డిపాజిట్ ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది తీసుకుని మీ ఎమ్మెల్యే దగ్గరికి ఒక్కరే వెళ్లకండి, ఆ బ్యాచ్ తల్లిదండ్రులు పదిమంది కలిసి వెళ్లండి. కొత్త బిల్డింగ్ అడగకండి. సెప్టెంబరులోపు రాడ్లకు డబ్బు, ఖాళీగా ఉన్న ఏటీవో పోస్టు, ఈ రెండే అడగండి.

వీలైతే ఒకసారి స్టాక్ రిజిస్టర్ నకలు కూడా తీసుకోండి. అందులో వెల్డింగ్ రాడ్ల పేజీ ఒకటి ఉంటుంది. ఏ తేదీన ఎన్ని వచ్చాయి, ఏ తేదీన ఏ బ్యాచ్‌కి ఎన్ని ఇచ్చారు, ప్రతి వరసలో సంతకంతో సహా ఉంటుంది. ఇచ్చిన రాడ్లను 20తో భాగించండి, పనిదినాలతో భాగించండి. మీ తమ్ముడు చెప్పిన అంకె అక్కడ తేలిపోతుంది. ఆ అంకె ఇక్కడ రాయండి, జిల్లా అధికారికి అర్జీ ఎలా రాయాలో నేను చెప్తాను.